డాబా మీద టెలిస్కోప్: ఏది కొనాలి, కొన్నాక ఏం చెయ్యాలి

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘525 రెట్లు’ అని ఉంటే ఆ టెలిస్కోప్ జోలికి వెళ్లొద్దు. నేను కొన్న మొదటిది అదే. 50 మిల్లీమీటర్ల కటకం, సన్నటి రేకు కాళ్ల స్టాండు. చంద్రుణ్ణి వెతికి పట్టుకుని ఫోకస్ తిప్పుదామని చెయ్యి వేస్తే చాలు బొమ్మ మొత్తం ఊగిపోయేది, ఆ ఊగుడు ఆగేలోపు చంద్రుడు పక్కకి జరిగిపోయేవాడు, మళ్లీ మొదటినుంచి వెతుకులాట. వారం రోజులు కుస్తీ పట్టి అటక మీద పెట్టేశాను. రెండేళ్లు ఆకాశం వైపే చూడలేదు. ఇలా ఆశపడి కొని, తప్పు తమదేననుకుని మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

టెలిస్కోప్ చేసే అసలు పని వెలుతురు పోగెయ్యడం. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మి.మీ. తెరుచుకుంటుంది, 150 మి.మీ. అద్దం అంతకి 450 రెట్లకి పైగా వెలుతురు పడుతుంది. వాననీళ్లకి గ్లాసు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా అనుకోండి. కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న అపర్చర్ (వెలుతురు పట్టే అద్దం లేదా కటకం వెడల్పు) ఎంత అని, రెండోది స్టాండు కదలకుండా నిలబడుతుందా అని. రెట్లు ఎన్ని అన్నది అసలు అడగక్కర్లేదు, అది మీరే లెక్క కట్టుకోవచ్చు: టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని (అద్దం లేదా కటకం నుంచి వెలుతురు ఒకచోట చేరే దూరం) ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) ఫోకల్ లెంగ్త్‌తో భాగించడమే. 1200 మి.మీ. టెలిస్కోప్‌కి 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, 10 మి.మీ.ది పెడితే 120. ఇలా చిన్న ఐపీస్‌లు మారుస్తూ ఎంతవరకైనా పోవచ్చు గానీ, అపర్చర్ మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెండింతలు దాటాక కనిపించేదంతా మసకే. అంటే నా 50 మి.మీ. దానికి హద్దు 100. పెద్ద టెలిస్కోప్ ఉన్నా పై గాలి నిలకడగా లేని రాత్రి 150 రెట్లు దాటితే గ్రహం నీళ్లలో కాసులా వణుకుతూ కనిపిస్తుంది.

ఇప్పుడు ఏది కొనాలి? ఇంకా ఊగిసలాటలో ఉంటే ముందు 10×50 (10 రెట్లు, 50 మి.మీ. కటకాలు) బైనాక్యులర్ కొనండి. అదేమీ చిన్నచూపు చూడాల్సిన వస్తువు కాదు, కృత్తికలు (మా అమ్మమ్మ వాళ్లు పిల్లలకోడి అనేవాళ్లు) బైనాక్యులర్‌లో కనిపించినంత అందంగా చాలా టెలిస్కోపుల్లో కనిపించవు, ఎందుకంటే టెలిస్కోప్‌లో గుంపు మొత్తం పట్టదు. మోచేతులు పిట్టగోడకి ఆనించి పట్టుకుంటే గురుడి పక్కన చుక్కల్లాంటి చందమామలు కూడా దొరుకుతాయి.

సరే, టెలిస్కోపే కావాలి అనుకుంటే 6 అంగుళాల (150 మి.మీ.) డాబ్సోనియన్. నన్ను ఎవరు అడిగినా నా జవాబు ఇదే. గొట్టం అడుగున గుంట అద్దం, కింద చెక్క పెట్టెలాంటి బేస్, చేత్తో నెట్టితే తిరుగుతుంది, అంతే. మోటార్లు, గేర్లు లేవు కాబట్టి పెట్టిన డబ్బంతా అద్దంలోకే పోతుంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ సన్యాసిగా ఉన్నాయన. దొరికిన సామాన్లతో టెలిస్కోపులు చేసి, ఫుట్‌పాత్ మీద పెట్టి, వచ్చేపోయేవాళ్లని పిలిచి శనిని చూపించేవాడు. 8 అంగుళాలది ఇంకా బాగుంటుంది, కాకపోతే బేస్‌తో కలిపి 20 కిలోలు దాటుతుంది, లిఫ్టు లేని ఇంట్లో రోజూ డాబా మీదకి మోస్తారో లేదో మీరే ఆలోచించుకోండి. మొయ్యలేక కింద ఉండిపోయిన 8 అంగుళాల కన్నా రోజూ పైకెళ్లే 5 అంగుళాలు మేలు. అపార్ట్‌మెంట్ బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకి బల్ల మీద పెట్టుకునే 130 మి.మీ. టేబుల్‌టాప్ డాబ్సోనియన్ సరిపోతుంది.

వచ్చిన మొదటి రోజు పగలే ఒక పని పూర్తి చెయ్యండి. గొట్టం మీద ఉండే చిన్న ఫైండర్ (గురి చూసుకునే బుల్లి దుర్భిణి), పెద్ద గొట్టం రెండూ ఒకే చోటుకి చూడాలి. దూరంగా ఉన్న సెల్ టవరో తాటిచెట్టో చూసుకుని, సూర్యుడు ఆ దిక్కున లేకుండా, 25 మి.మీ. ఐపీస్‌లో దాని కొసని సరిగ్గా మధ్యకి తెచ్చి, ఫైండర్ స్క్రూలు తిప్పి అందులోనూ అదే కొస మధ్యకి వచ్చేలా బిగించండి. ఇది చెయ్యకుండా రాత్రి పైకెక్కితే ఏదీ దొరకదు, గంటసేపు మెడనొప్పి మిగులుతుంది. బొమ్మ తలకిందులుగా కనిపిస్తే కంగారు పడొద్దు, ఇలాంటి అద్దం టెలిస్కోపులన్నీ అంతే.

రాత్రి చూసే ముందు అరగంట, ముప్పావుగంట టెలిస్కోప్‌ని బయట వదిలెయ్యాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన అద్దం బయటి వేడికి సర్దుకునేదాకా బొమ్మ నిలవదు. ఇంకో సంగతి, మన స్లాబు పగలంతా ఎండని తాగి రాత్రి పదింటిదాకా కక్కుతూనే ఉంటుంది, ఆ వేడి గాలి టెలిస్కోప్ ముందు నుంచే పైకి లేస్తుంది. మా ఇల్లు విజయవాడలో, ఏప్రిల్‌లో ఎనిమిదింటికి డాబా మీద చూసిన గురుడికీ, అదే గురుణ్ణి పెరట్లో మట్టి నేల మీద చూసినదానికీ పోలికే లేదు. పెరడు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లు ఆలస్యంగా ఎక్కండి.

ఫోన్ జేబులో పెట్టెయ్యండి. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి, ఒక్క వాట్సాప్ మెసేజ్ చూస్తే అదంతా పోతుంది. టార్చికి ఎర్రటి జిలుగు కాగితం రెండు మడతలు చుట్టుకుంటే చాలు. మసకగా ఉన్న వాటిని సూటిగా కాకుండా ఓరచూపుతో చూడండి. కంటి అంచులకి చీకట్లో చూపు ఎక్కువ, సూటిగా చూస్తే మాయమైపోయిన మబ్బుపొర లాంటి నెబ్యులా (అంతరిక్షంలో వాయువు, దుమ్ముల మేఘం) కాస్త పక్కకి చూడగానే తిరిగి కనిపిస్తుంది.

ఒకసారి పక్కింటి పిన్నిగారు ఆరేసిన బట్టలు తియ్యడానికి వాళ్ల డాబా మీదకి వస్తే, ఇటు రండి పిన్నిగారూ అని పిలిచి 120 రెట్లలో శనిని చూపించాను. కన్ను పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఏంటి బాబూ, జారిపోతున్నాడు, పట్టుకో పట్టుకో” అన్నారు. 120 రెట్లలో గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమిషంన్నర, రెండు నిమిషాల్లో దాటిపోతుంది, నేను గొట్టాన్ని వేలితో కొంచెం నెట్టి మళ్లీ మధ్యకి తెచ్చాను. జారుతున్నది శని కాదు, మన డాబా తిరుగుతోంది, భూమితో పాటు మీరూ నేనూ తిరుగుతున్నాం అని చెప్పాను. ఆవిడ చేతిలో బట్టలు అలాగే పట్టుకుని ఇంకో నాలుగుసార్లు చూశారు. మోటార్ లేని టెలిస్కోప్‌లో ఈ జారుడు చాలామందికి విసుగు, నాకు మాత్రం భూమి తిరగడం కంటితో చూసినట్టే ఉంటుంది.

ఏ రోజు ఏం చూడాలన్నది గోడ మీది తెలుగు క్యాలెండరే చెబుతుంది. పౌర్ణమి నాడు టెలిస్కోప్ తియ్యకండి, ఎండ నెత్తిమీద పడుతున్నట్టే కాబట్టి నీడలుండవు, చంద్రుడు చప్పగా తెల్ల పళ్లెంలా కనిపిస్తాడు. శుక్లపక్షం చవితి నుంచి దశమి దాకా చూడండి, వెలుగూ చీకటీ కలిసే గీత పక్కనే బిలాల నీడలు బారుగా సాగి ఉంటాయి. పంచమి, షష్ఠి ప్రాంతంలో థియోఫిలస్ అనే బిలం, నవమి, దశమి ప్రాంతంలో కోపర్నికస్ అనే బిలం. ఈ రెండోది 93 కిలోమీటర్ల వెడల్పు, విజయవాడ నుంచి ఏలూరు దాటి ఇంకా పోయేంత గుంట, లోపలి గోడలు మెట్లు మెట్లుగా దిగి ఉంటాయి, నడుమ కొండలు. చంద్రయాన్-3 కనిపిస్తుందా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 2023 ఆగస్టు 23న అది దిగిన దక్షిణపు అంచు ప్రాంతాన్ని చూపించొచ్చు, ల్యాండర్ మాత్రం భూమ్మీద ఉన్న ఏ టెలిస్కోప్‌కీ అందదు.

నెబ్యులాలకీ నక్షత్ర గుంపులకీ అమావాస్యకి అటూ ఇటూ వారం. చలికాలంలో ఆరుద్ర నక్షత్రానికి దిగువన వరసగా మూడు చుక్కలుంటాయి కదా, వాటి కింద వేలాడే ఒరైయన్ నెబ్యులా ఊరి వెలుతుర్లోనూ కనిపిస్తుంది, 25 మి.మీ. ఐపీస్ చాలు. ఫొటోల్లో చూసిన గులాబి రంగు కోసం వెతక్కండి, కంటికి అది బూడిద రంగులోనే ఉంటుంది. శని వలయాలు 2025 మార్చిలో మనకి అంచుగా తిరిగి దాదాపు మాయమయ్యాయి, అప్పటినుంచి ఏటేటా విచ్చుకుంటున్నాయి. మనకున్న ఒక వరం చాలామందికి తెలియదు: ఐరోపాలో చాలా ఊళ్లకి అసలు ఉదయించని ఒమేగా సెంటారి అనే నక్షత్రాల బంతి మనకి ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. చీకటి పల్లెటూళ్లో 6 అంగుళాల్లో చూస్తే నేల మీద పంచదార ఒలికినట్టుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు ఎలాగూ చూడనివ్వవు, ఆ నెలల్లో స్టెల్లేరియం ఆప్‌లో నక్షత్రాల పేర్లు నేర్చుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. టెలిస్కోప్‌ని సూర్యుడి వైపు తిప్పకండి. తిప్పాలంటే గొట్టం ముందు భాగం మొత్తం కప్పే అసలైన సోలార్ ఫిల్టర్ ఉండాలి, అది గాలికి ఊడకుండా టేపు వెయ్యాలి, ఫైండర్‌కి మూత పెట్టాలి. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల గాజు ‘సన్ ఫిల్టర్’ మీ పెట్టెలో వస్తే ఈరోజే పగలగొట్టి పారెయ్యండి, అది వేడికి చిట్లితే కన్ను పోవడానికి క్షణం చాలు. ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టిన గాజు కూడా వద్దు.

ఇక ఫొటోలు. మొదట చంద్రుడు, ఫోన్‌తోనే. ఫోన్‌ని ఐపీస్‌కి బిగించే అడాప్టర్ కొనుక్కోండి, చేత్తో పట్టుకుంటే పదిలో ఒకటి వస్తుంది. 25 మి.మీ. ఐపీస్ పెట్టి, స్క్రీన్ మీద చంద్రుడి అంచున వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, వెలుతురు బాగా తగ్గించి, 3 సెకన్ల టైమర్‌తో తియ్యండి. గ్రహాలకి ఫొటో వద్దు, వీడియో తియ్యండి. గ్రహాన్ని ఒక అంచున పెట్టి వదిలేస్తే తనే జారుతూ వెళ్తుంది, అలా నాలుగైదు సార్లు. ఆ వీడియోని పిప్ అనే సాఫ్ట్‌వేర్ మధ్యకి సర్దుతుంది, ఆటోస్టాకర్ట్ వేల ఫ్రేముల్లోంచి గాలి నిలకడగా ఉన్న క్షణాలని ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది, రెండూ ఉచితమే. గురుడి పట్టీలు మొదటిసారి ఇలా తేలిన రాత్రి నేను నిద్రపోలేదు.

పాలపుంతకి టెలిస్కోపే అక్కర్లేదు. కెమెరా, ట్రైపాడ్ చాలు. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు షటర్ తెరిచి ఉంచొచ్చో వస్తుంది, ఫుల్ ఫ్రేమ్ కెమెరా (35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) మీద 24 మి.మీ. లెన్స్ అయితే 20 సెకన్లు, అది దాటితే చుక్కలు గీతలవుతాయి. నెబ్యులాల సంగతి వేరు. వాటికి నిమిషాల కొద్దీ ఎక్స్‌పోజర్ కావాలి, భూమి తిరుగుడుకి ఎదురు తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి, దాన్ని ధ్రువ నక్షత్రానికి సరిచెయ్యాలి. మనకి ధ్రువుడు మన అక్షాంశం ఎంతో అంతే ఎత్తులో, అంటే విజయవాడలో పదహారున్నర డిగ్రీలకే ఉంటాడు, ఎదురింటి నీళ్ల ట్యాంకు వెనక్కి పోతే ఇక అంతే. డబ్బు పెట్టే ముందు ఉత్తరం వైపు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఈ అవస్థంతా వద్దు, ఫొటోలే కావాలి అనుకుంటే సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి, ఆకాశాన్ని తనే గుర్తుపట్టి, వెంబడించి, ఫొటోలు పేర్చి ఫోన్‌కి పంపిస్తాయి. మంచి వస్తువే. కాకపోతే అందులో కన్ను పెట్టి చూడ్డానికి ఏమీ ఉండదు, పిన్నిగారికి శని జారడం అందులో కనిపించదు, అందుకే నేను దాన్ని రెండో టెలిస్కోప్‌గానే కొనమంటాను.

కోస్తాలో ఉన్నవాళ్లకి అసలు శత్రువు తేమ. డిసెంబర్‌లో పదకొండు దాటేసరికి గొట్టం తడిసిపోతుంది. ఫైండర్ కటకం ముందు నల్ల చార్ట్ పేపర్‌ని బారుగా చుట్టి పెడితే మంచు త్వరగా పట్టదు. లోపలికి తెచ్చాక వెంటనే మూత పెట్టకండి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడు మూత వెయ్యండి, లేకపోతే వానాకాలం అయ్యేసరికి అద్దం మీద బూజు తీగలు పాకుతాయి. ఊరికే దుమ్ము పడితే మాత్రం వదిలెయ్యండి, చూపుకి అది అడ్డం రాదు. కండువా కొసతో తుడిచారా, గీతలు పడ్డట్టే.