హైదరాబాద్ చుట్టుపక్కల పంట ప్రయోగ మడులకు భూ వినియోగ అనుమతులు పొందే విధానం

మేడ్చల్, శామీర్‌పేట, పటాన్‌చెరు పరిసరాల్లో పంట ప్రయోగాలకు పొలం చూసుకునేవారు చాలామంది నేల సారం, బోరు నీళ్లు, దారి సౌకర్యం పరిశీలించి, భూ వినియోగం సంగతి చివరకు వదిలేస్తారు. ఆ క్రమాన్ని తిరగవేయాలని నా మనవి. పరిశోధన అనే పేరును బట్టి అనుమతి రాదు, ఆగదు. ఆ నేల మీద పంట నిలుస్తుందా, కట్టడం నిలుస్తుందా అన్నదాన్ని బట్టే ఏ కార్యాలయానికి వెళ్లాలో, ఏ కాగితం అడగాలో తేలుతుంది.

మొదట సర్వే నంబర్లను ఉపవిభాగాలతో సహా రాసుకొని, గ్రామ నక్షాతో సరిచూసుకోవాలి. గ్రామం హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో ఉంటే, 2013లో ప్రకటించిన 2031 బృహత్ ప్రణాళికలో ఆ నంబర్లు ఏ జోన్‌లో పడ్డాయో తెలిపే భూ వినియోగ ధ్రువపత్రాన్ని ఒక్కొక్క నంబరుకు విడిగా తీసుకోవడం మంచిది. ఎందుకంటే ఒకే సర్వే నంబరులో సగం పరిరక్షణ జోన్‌లో, సగం నివాస జోన్‌లో ఉండవచ్చు. పరిరక్షణ జోన్ వ్యవసాయానికే ఉద్దేశించినది కనుక, అక్కడ మడులు కట్టి పంట వేసినంత మాత్రాన భూ వినియోగ మార్పిడి అడగనక్కరలేదు. అయితే నాలుగైదేళ్లు సాగే ప్రయోగమైతే, ప్రణాళికలో ప్రతిపాదించిన రోడ్డు ఆ పొలం మీదుగా పోతోందేమో తప్పక చూడాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలకు, జలాశయాల రక్షణ కోసం నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో చరిత్ర ఉంది. ఆ ఆంక్షల విషయంలో 2022లో ప్రభుత్వం మార్పులు చేసినా జలాశయాల రక్షణ షరతును వదలలేదు కాబట్టి, అక్కడ దరఖాస్తు చేసేవారు వాడబోయే పురుగుమందులు, ఎరువులు, మురుగునీటి పారుదల వివరాలను అడగకముందే జతపరచాలి.

జోన్ అనుకూలమే అయినా హక్కు సరిగా లేకపోతే ఫైలు కదలదు. అసైన్డ్ భూమిని కౌలుకు తీసుకోకూడదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కౌలును కూడా బదిలీగానే పరిగణిస్తుంది. పట్టా భూమిని ఏడాదికి మించిన గడువుతో కౌలుకు తీసుకుంటే ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. వరుసగా మూడు వానాకాలాలు, మూడు యాసంగులు చూడవలసిన ప్రయోగాన్ని నోటిమాట కౌలుపై మొదలుపెట్టడం, ఎంత నమ్మకమైన రైతుతోనైనా సరే, ఇద్దరికీ అన్యాయమే.

అసలు చిక్కంతా కట్టడాల దగ్గర వస్తుంది. నేను సిద్ధం చేయడంలో పాలుపంచుకున్న ఒక దరఖాస్తులో ఆరు ఎకరాల పొలం మొత్తాన్నీ ‘పరిశోధన కేంద్రం’ అని రాశాము. దాన్ని చదివిన అధికారి మొత్తం విస్తీర్ణాన్ని వ్యవసాయేతర వినియోగంగా భావించి ఫైలును తిప్పి పంపారు. నిజానికి అక్కడ కట్టదలచినది విత్తనాలు ఆరబెట్టే గది, పనిముట్ల షెడ్డు మాత్రమే. అందువల్ల పంట ఉండే విస్తీర్ణాన్ని, పక్కా పునాది పడే విస్తీర్ణాన్ని స్కెచ్చులో వేర్వేరు రంగుల్లో చూపి, రెండోదాన్ని గుంటల్లో కొలిచి, ఆ గుంటలకే రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్ భూభారతి ద్వారా నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) కోరాలి. మార్పిడి రుసుమును భూమి విలువలో శాతంగా లెక్కగడతారు కనుక, అక్కరలేని విస్తీర్ణాన్ని కలిపితే డబ్బూ వృథా అవుతుంది, మిగిలిన పొలం వ్యవసాయ భూమిగా ఉండే హక్కూ పోతుంది. నాలా వచ్చినంత మాత్రాన కట్టుకోవచ్చని అనుకోకూడదు. భవన అనుమతి వేరు. జోన్ ఆ కట్టడాన్ని అనుమతించకపోతే భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు చేయాలి, దానిపై ప్రజల అభ్యంతరాలు కోరే దశ ఉంటుంది కనుక ఒక పంటకాలం అందులోనే గడిచిపోవచ్చని ముందే లెక్క వేసుకోవాలి.

దరఖాస్తులో పని స్వభావాన్ని ఇలా రాయవచ్చు: “ఈ భూమిలో వానాకాలం, యాసంగిలో మొక్కజొన్న సాగు కొనసాగుతుంది. వివిధ రకాలను చిన్న మడులుగా విత్తి, దిగుబడి నమోదు చేయడం తప్ప సాగు పద్ధతిలో మార్పు ఉండదు. 4 గుంటల్లో మాత్రమే షెడ్డు నిర్మిస్తాము.” చదివే అధికారికి పొలం కళ్ల ముందు కనబడాలి.

పక్కన చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మట్టం) హద్దును నీటిపారుదల శాఖ నుంచి తెలుసుకోవాలి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్ల మేర కట్టడం ఉండరాదు. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు స్థలాన్ని అసలు ఎంచుకోవద్దు.

జన్యుమార్పిడి పంటలైతే పైన చెప్పిన కాగితాలేవీ సరిపోవు. 1989 నాటి నిబంధనల కింద జన్యుమార్పిడి ప్రయోగాలను పరిశీలించే కేంద్ర సంఘాలైన జీఈఏసీ, ఆర్‌సీజీఎం వ్యవస్థ అనుమతితో పాటు రాష్ట్ర ప్రభుత్వ నిరభ్యంతర పత్రం కూడా ఉండాలి. మొదటి స్థాయి క్షేత్ర పరీక్షకు ఒక్కో స్థలంలో ఎకరం, రెండో స్థాయికి రెండున్నర ఎకరాలు మించరాదు. అన్య జన్యువు మిగలని జన్యు సవరణ రకాల్లో కొన్నింటికి 2022లో ఈ నిబంధనల నుంచి మినహాయింపు వచ్చింది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన ‘కమల’ వరి ఆ కోవలోనిదే. మినహాయింపు వర్తిస్తుందో లేదో మీ సంస్థలోని జీవభద్రత సంఘం ద్వారా రాతపూర్వకంగా తేల్చుకున్నాకే పొలంలో అడుగుపెట్టాలి.

దరఖాస్తు ఇవ్వకముందే సర్పంచిని, గెట్టు పక్క రైతులను కలిసి ఏమి విత్తబోతున్నారో చెప్పండి. పుప్పొడి కలవకుండా ఎడం పాటించవలసిన పంట అయితే ఇది మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా: ధ్రువీకృత హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికే ఇతర వరి నుంచి 100 మీటర్ల ఎడం కావాలి, ఆ ఎడం పొరుగువారి పొలంలోకి వెళుతుంది. వారు ఏ రకం, ఏ తేదీన వేస్తారో ముందుగా మాట్లాడుకొని, అవసరమైతే విత్తే తేదీలను మార్చుకొని, వారి పంట ఎంపికకు ఆటంకం కలిగితే ఎంత పరిహారం ఇస్తారో కాగితం మీద పెట్టండి. ఆ కాగితం నకలును, జోన్ ధ్రువపత్రాన్ని, కౌలు పత్రాన్ని, స్కెచ్చును ఒకే సంచికగా కుట్టించి పొలంలోని షెడ్డులో ఉంచితే, తనిఖీకి ఎవరు వచ్చినా కావలిదారు నేరుగా చూపించగలుగుతాడు.