స్కాన్ ఇమేజ్‌లో పెట్టిన వాటర్‌మార్క్ పోతోందా? ఎక్కడ పోతోందో ఇలా పట్టుకోండి

విజయవాడ సూర్యారావుపేటలో సీటీ తీస్తారు, ఆ ఇమేజ్ వాట్సాప్‌లో గుంటూరు కొత్తపేట డాక్టర్ గారికి వెళ్తది, మన దగ్గర రోజూ ఉండేదే. దార్లో ఎవరూ మార్చలేదని, ఫలానా పేషెంట్‌దేనని తేల్చుకోడానికి పిక్సెల్స్‌లో దాచేదే వాటర్‌మార్క్. అది మొరాయిస్తే ఏం చూడాలో చెప్తా.

సమస్య: స్కాన్ సెంటర్‌లో మార్క్ చక్కగా చదువుతోంది, అవతలికి వెళ్ళాక ఏమీ రావట్లేదు

మార్క్‌ని పిక్సెల్ చివరి బిట్‌లో పెట్టుంటారు, అంటే 136 ఉన్నదాన్ని 137 చేస్తారు అంతే, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్ళీ జేపెగ్‌గా నొక్కేస్తది, ఇంక ఆ ఒక్క అంకె తేడా ఎక్కడ మిగుల్తది? అంతకన్నా ముందే, డైకామ్ (స్కాన్ మెషిన్ ఇచ్చే అసలు ఫైల్) నుంచి జేపెగ్ తీసేటప్పుడే పోయుండొచ్చు, ఇది చాలామంది చూస్కోరు. పొట్ట సీటీకి విండో (చూపించే పరిధి వెడల్పు) 400, సెంటర్ (ఆ పరిధి మధ్య విలువ) 40 పెట్టారనుకోండి, మైనస్ 160 నుంచి 240 హౌన్స్‌ఫీల్డ్ (సీటీలో సాంద్రత కొలత) దాకా ఉన్నవన్నీ 256 షేడ్స్‌లో సర్దేస్తది, పైవన్నీ తెలుపు, కిందవన్నీ నలుపు, మీ బిట్ అక్కడే గల్లంతు.

పరిష్కారం: డైకామ్ ఫైల్‌నే డాక్యుమెంట్‌గా పంపండి, హెడర్‌లో (ఫైల్‌లోని వివరాల భాగంలో) పేషెంట్ పేరు ఉంటది కాబట్టి ముందు ఎన్‌క్రిప్ట్ చేయండి. ఫోటోగా పంపక తప్పదంటే డీసీటీ, డీడబ్ల్యూటీ (ఇమేజ్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్కలు) మిడ్ ఫ్రీక్వెన్సీల్లో, కొన్ని బిట్లు పాడైనా సరిచేసే ఎర్రర్ కరెక్షన్ కోడ్‌తో పెట్టండి, కంప్రెషన్‌ని చాలావరకు తట్టుకుంటది.

ఇక్కడొకటి గుర్తుంచుకోండి, చివరి బిట్ మార్క్ చెరగడం తప్పేం కాదు, ఇమేజ్‌ని ఎవరైనా ముట్టుకుంటే చెరగాలనే దాన్ని పెట్టేది. ఎవరిదో చెప్పే మార్క్ గట్టిగా ఉండాలి, ఎవరూ ముట్టుకోలేదని చెప్పేది సున్నితంగా ఉండాలి. రెండూ కావాలంటే గట్టిది ముందు పెట్టి సున్నితమైంది ఆఖర్న పెట్టండి, తిరగేస్తే గట్టిదే సున్నితమైనదాన్ని చెరిపేస్తది.

సమస్య: ఇమేజ్‌లో గరుకు కనిపిస్తోందని రేడియాలజిస్ట్ అంటున్నారు

మార్క్ బలం ఎక్కువైంది, పైగా జబ్బు ఉన్న చోట కూడా పడింది. పీఎస్ఎన్ఆర్ (అసలు ఇమేజ్‌కి ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత) 40 డెసిబెల్స్ దాటిందిగా అని వాదించొద్దు, అది ఇమేజ్ మొత్తానికి సగటు లెక్క, చిన్న నాడ్యూల్ (గడ్డ) అంచు పాడైతే అందులో తెలీదు. డాక్టర్ చూసే భాగాన్ని వదిలేసి మిగతా చోట పెట్టండి. మరీ అంచునున్న నలుపులో మాత్రం వద్దు, ఎవరైనా క్రాప్ చేస్తే మార్క్ కూడా పోద్ది. నన్నడిగితే రివర్సిబుల్ పద్ధతే మేలు, 2003లో పరిశోధకుడు జున్ టియాన్ చెప్పిన డిఫరెన్స్ ఎక్స్‌పాన్షన్ లాంటిది, మార్క్ తీసేస్తే అసలు ఇమేజ్ బిట్ కూడా తేడా లేకుండా వెనక్కి వస్తది.

సమస్య: రివర్సిబుల్ పెట్టాం, తీశాక తెల్లటి చోట నల్ల చుక్కలు వస్తున్నాయి

ఓవర్‌ఫ్లో. 255కి ఒకటి కలిపితే తిరిగి 0 అయిపోద్ది, ఎక్స్‌రేలో ఎల్, ఆర్ అక్షరాలు 255 దగ్గరే ఉంటాయి కదా. అలాంటి పిక్సెల్స్‌ని వదిలేసి, ఏవి వదిలారో లొకేషన్ మ్యాప్‌లో రాసి అది కూడా మార్క్‌తోపాటే దాచండి. డైకామ్ అయితే హెడర్‌లో బిట్స్ స్టోర్డ్ (పిక్సెల్‌కి నిజంగా వాడిన బిట్లు) చూడండి, అన్‌సైన్డ్‌లో (మైనస్ అంకెలు లేనిదాంట్లో) 12 ఉంటే గరిష్ఠం 4095, 16 బిట్ల ఫైల్ కదా అని 65535 పెట్టుకుంటే ఇదే గొడవ. సరిచేశాక అసలు పిక్సెల్ డేటాకీ మార్క్ తీసినదానికీ ఎస్‌హెచ్‌ఏ 256 (డేటాకి వేలిముద్ర లాంటి కోడ్) లెక్కేసి పోల్చండి, రెండూ ఒకటే వస్తేనే పేషెంట్ ఇమేజ్‌ల మీద వాడండి.