ఉబుంటులో పిప్ మొరాయిస్తే

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కొడుకు పాత లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు 24.04 వేసుకున్నాడు. అలవాటుగా, పైథాన్ భాషకి మాడ్యూళ్లు (రెడీమేడ్ కోడ్) దించిపెట్టే పిప్‌తో పైథాన్ మాడ్యూల్ వేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఎర్రగా ఎర్రర్. వాడికి ఒకటే టెన్షన్, లాప్‌టాప్ పాడైందేమోనని.

పాడవ్వలేదు. ఉబుంటు సొంత పనిముట్లు కొన్ని దానితో వచ్చే పైథాన్ మీదే నడుస్తాయి. అందుకే అందులో పిప్ వేలు పెట్టకుండా 23.04 వెర్షన్ నుంచి అడ్డు పెట్టారు. 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్‌తో దాటొచ్చు కానీ, పేరులోనే బ్రేక్ అని ఉంది కదా, దాని జోలికి పోకండి. ముందు ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో పైథాన్3-వెన్వ్ ప్యాకేజీ వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్‌లో వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్) తయారుచేసి, దాన్ని యాక్టివేట్ చేశాక పిప్ వాడండి. అప్పుడు పిప్‌కి సుడో (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు.

అసలు చిక్కు, పైథాన్‌ని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలిపే మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ లాంటి మాడ్యూళ్లతో. వాటిలో సీ కోడ్ ఉంటుంది, మన మెషీన్‌లోనే కంపైల్ అవ్వాలి, అంటే మెషీన్ నడపగలిగే రూపంలోకి మారాలి. మావాడు ఎర్రర్‌లో చివరి లైను మాత్రమే చదివి అరగంట తల పట్టుకున్నాడు. అందులో 'ఫెయిల్డ్' తప్ప ఏమీ ఉండదు. కాస్త పైకి వెళ్లి చూడండి. 'పైథాన్.హెచ్' దొరకలేదని ఉంటే పైథాన్3-డెవ్ వేయాలి. పీకేజీ-కాన్ఫిగ్ గురించి గొణుగుతుంటే దాన్ని, డీఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్‌ను కలిపి వేయాలి. కంపైలరే లేదంటే బిల్డ్-ఎసెన్షియల్. ఇవన్నీ ఆప్ట్‌తోనే, పిప్‌తో కాదు.