పాత కారు కొన్నాక తొలి నెలలో ఏమేం చేయించాలి?

సెకండ్ హ్యాండ్ కారు ఇంటికి తెచ్చి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టిన మరునాడే సీటు కవర్ల మీదికీ మ్యూజిక్ సిస్టమ్ మీదికీ మనసు పోతుంది. ఆ డబ్బును ఒక్క నెల ఆపి ఉంచడం మంచిది. పాత యజమాని ఏ పని చేయించాడో, ఏది రేపు మాపు అంటూ వదిలేశాడో ఆ నెల తిరిగితే గాని బయటపడదు.

ముందుగా కాగితాల పని ముగించాలి. 29, 30 నంబరు ఫారాలతో ఆర్‌సిని మీ పేరుకు మార్పించుకోవాలి. కారు చేతులు మారిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మార్పు కోసం కంపెనీకి దరఖాస్తు చేయాలి.

తరువాత చూడవలసింది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. నేను కారు కొన్న మొదటి వేసవిలో ఒంగోలు నుంచి పొదిలి వెళ్తుండగా, చీమకుర్తి దాటిన కొంతసేపటికి టెంపరేచర్ ముల్లు సగం గీత దాటి పైకి పోసాగింది. బండి చెట్టు కింద ఆపి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే, లోపల పచ్చగానో ఎర్రగానో ఉండవలసిన కూలెంట్‌కు బదులు తుప్పు కలిసిన గోధుమరంగు నీళ్ళు కనిపించాయి. తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు పోస్తూ వచ్చారన్నమాట. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ అలాగే కడుతుంది, దాంతో ఇంజిన్ వేడి బయటికి పోదు. అందువల్ల పాత నీటిని పూర్తిగా తీయించి, రేడియేటర్‌ను ఫ్లష్ చేయించి, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్‌నే పోయించాలి. నీళ్ళు కలపవలసిన రకమైతే డిస్టిల్డ్ వాటరే కలపాలి, రెండు రకాల కూలెంట్లను మాత్రం కలపకూడదు. దారిలో ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే ఏసీ ఆపి, బండిని పక్కకు తీసి, ఇంజిన్ ఆపివేయాలి. వేడి మీద మూత తిప్పితే మరిగే నీరు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖం కాలుతుంది కాబట్టి, ఎంత తొందర ఉన్నా ఇంజిన్ చల్లారేదాకా మూత జోలికి పోకూడదు.

ఇంజిన్ ఆయిల్ విషయంలో అమ్మినవారి మాట మీద ఆధారపడకుండా, ఆయిల్‌నూ ఆయిల్ ఫిల్టర్‌నూ ఒకసారి మార్పించి, ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు రాసిపెట్టుకోవాలి. ఆ తరువాత వారానికోసారి బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, కొద్ది నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూసే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి చూడాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. అది పాలు కలిసిన కాఫీ రంగులో కనిపిస్తే అందులో నీరు కలుస్తోందని అనుమానించి, బండిని నడపకుండా మెకానిక్‌ను పిలిపించాలి.

గ్రానైట్ క్వారీల దుమ్ములో తిరిగే బండికి మాన్యువల్‌లో చెప్పిన గడువుకంటే ముందుగానే ఎయిర్ ఫిల్టర్ మార్చవలసి వస్తుంది. కొత్తపట్నం, మైపాడు బీచ్‌లకు వెళ్ళివచ్చిన ప్రతిసారీ బండి అడుగుభాగాన్ని మంచినీళ్ళతో కడిగించాలి, ఉప్పుగాలి ముందుగా తినేది కంటికి కనబడని ఆ రేకునే. ఇంకా కొననివారు 2021 నవంబరులో నెల్లూరును ముంచిన పెన్నా వరదను గుర్తుంచుకుని, నీట మునిగిన కారేమో తెలుసుకోవడానికి సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూసుకోవడం, కార్పెట్ ఎత్తి వాసన చూడడం మంచిది.

టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడిలో అరుగుదల గుర్తు దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా అరిగినా, పక్కన పగుళ్ళు కనిపించినా హైవే ఎక్కకముందే మార్చాలి. గాలి ఎంత పెట్టాలో సాధారణంగా డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. పంక్చర్ షాపులో అన్ని బండ్లకూ ఒకటే లెక్క అంటారు, వినకండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించి, స్టెప్నీని కూడా చూపించాలి.

ఇవన్నీ అయ్యాక చేతిలో డబ్బు మిగిలితే హెడ్‌లైట్లతో మొదలుపెట్టవచ్చు. పసుపు రంగుకు తిరిగిన అద్దాన్ని పాలిష్ చేయిస్తే కొత్త బల్బు అవసరమే రాకపోవచ్చు. 60/55 వాట్ల బల్బు ఉన్నచోట 100/90 పెట్టిస్తే వైర్లు, హోల్డర్లు వేడికి కరుగుతాయి, ఎదుటివారికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. రివర్స్ కెమెరా పెట్టించేటప్పుడు పాత వైరింగ్‌ను కోయనివ్వకుండా, సరైన కనెక్టర్‌తో, ఫ్యూజు మీదుగా బిగించమని దగ్గర నిలబడి చెప్పాలి. సీటు కవర్లకు వచ్చేసరికి, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందేమో చూసుకుని, ఉంటే ఆ భాగాన్ని మూసేయకుండా దానికి తగినట్టు కుట్టిన కవరే వేయించాలి.