తొలకరికి ముందే పెరటి నాచు సంగతి చూడండి

రోహిణి కార్తె ఎండల్లో పెరటి పచ్చికలో నాచు ఉన్నట్టే తెలియదు. గోధుమరంగు పొరలా నేలకు అంటుకుని ఉంటుంది, కాలితో రాస్తే పొడిగా రాలుతుంది. ఎండకు చచ్చిపోయిందిలే అనుకుని వదిలేస్తాం. కానీ అది చావలేదు. నాచుకు నేలలోంచి నీరు లాగే వేళ్లు లేవు, తడిని ఆకులతోనే పీల్చుకుంటుంది. తడి లేకపోతే ఊపిరి బిగబట్టుకుని పడి ఉంటుంది. మృగశిర చినుకులు పడగానే మళ్లీ పచ్చబడుతుంది. అప్పుడు చూసుకుందాం అనుకుంటే, చూసేలోగా ఎవరో ఒకరు జారి పడతారు. అందుకే మే నెల చివరి పది రోజులను ఈ పనికి కేటాయించమని చెబుతున్నాను.

ముందు పచ్చికను పక్కన పెట్టి, నడిచే దారి చూడండి. మూడేళ్ల క్రితం మా అమ్మ పెరటి కుళాయి దగ్గర జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అక్కడ పచ్చని నాచేమీ లేదు. షాబాదు బండ మీద కంటికి ఆనని పలుచని పాకుడు ఉంది, అంతే. మఖమలు గుడ్డలా ఒత్తుగా పెరిగే నాచు కనిపిస్తుంది కాబట్టి తప్పుకుని నడుస్తాం. పాకుడు ఎండినప్పుడు నల్లటి మరకలా ఉండి, తడిస్తే సబ్బులా మారుతుంది. మెట్లు, కుళాయి చప్టా, బావి గట్టు, గేటు నుంచి గుమ్మం వరకు పరిచిన బండలు అన్నీ ఎండి ఉన్నప్పుడే గట్టి బ్రష్షుతో గీకండి. రాలిన పొడిని పచ్చికలోకి ఊడ్చవద్దు, ఎత్తి పారబోయండి. నాచు చిన్న ముక్క నుంచి కూడా మళ్లీ మొలుస్తుంది. నున్నగా అరిగిపోయిన బండ ఉంటే తాపీ మేస్త్రీని పిలిచి ఉలితో గాట్లు కొట్టించండి. ఇంట్లో పెద్దవాళ్లు పెరట్లోకి వేసుకునే చెప్పుల అడుగులు తిరగేసి చూడండి. గీతలు అరిగిపోయి ఉంటే వాటిని ఈ వానాకాలానికి ముందే మార్చాలి.

పాకుడు వదలకపోతే చాలామంది బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. బండల మీద అది పనిచేస్తుంది. అయితే ఆ కడిగిన నీరు మొక్కల మొదళ్లలోకి, బావిలోకి, చేపలున్న తొట్టిలోకి పోకుండా చూడాలి. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. బ్లీచింగ్ పౌడరు వేసిన చోట బాత్‌రూములు కడిగే ఆసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఒకటి వాడి లాభం లేదని వెంటనే రెండోది పోయడం మన ఇళ్లలో మామూలుగా జరిగేదే. పని మనిషితో ఈ పని చేయిస్తుంటే ఈ మాట ఆమెకు విడమరచి చెప్పండి, చేతులకు తొడుగులు ఇవ్వండి.

ఇక పచ్చిక. గడ్డిని నాచు తినేసిందని అనుకుంటాం. నిజానికి గడ్డి ఖాళీ చేసిన చోటే నాచు చేరుతుంది. నీడ, తొక్కి తొక్కి గట్టిపడిన నేల, నిలిచిన నీరు, మరీ పొట్టిగా కోసిన గడ్డి అందుకు కారణాలు. వీటిలో నీడ గురించి మనం ఎక్కువగా పొరబడతాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. సంక్రాంతి రోజుల్లో గోడకు ఉత్తరాన పడిన నీడ, వానలు మొదలయ్యే నాటికి దక్షిణం వైపుకు మారుతుంది. శీతాకాలంలో చూసిన నీడను బట్టి గడ్డి రకం ఎంచుకోవద్దు. ఇప్పుడు ఒక రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకొకసారి చూసి, ఎక్కడ ఎన్ని గంటలు ఎండ తగులుతోందో కాగితం మీద రాసుకోండి. నాలుగు గంటల ఎండ కూడా లేని చోట గరిక నిలవదు, ఎన్నిసార్లు నాటినా పలచబడుతుంది. అలాంటి చోట వెడల్పాటి ఆకుల కార్పెట్ గడ్డి కొంత మెరుగు. కడియం నర్సరీల నుంచి గడ్డి తెప్పించుకునేవారు నీడకు కావాలని ముందే చెప్పి అడగండి. నీడలో గడ్డిని రెండున్నర అంగుళాల కంటే పొట్టిగా కోయకండి.

కొమ్మలు పలచన చేయడం మంచిదే. వేప, కానుగ ఇప్పుడు కొట్టవచ్చు, మామిడిని కాయలు దింపాకే ముట్టుకోండి. కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మ జోలికి మీరు వెళ్లవద్దు. విద్యుత్ శాఖ వారికి చెప్పి సరఫరా ఆపించాకే కొట్టించండి.

గట్టిపడిన నేలను వదులు చేయాలంటే ముందు రోజు సాయంత్రం బాగా తడపాలి, లేకపోతే మే నెలలో గునపం దిగదు. జానెడు ఎడంతో, నాలుగు అంగుళాల లోతున రంధ్రాలు చేసి, బాగా మాగిన పశువుల ఎరువు జల్లెడ పట్టి నింపండి. నల్లరేగడిలో ఉత్త ఇసుక కొద్దికొద్దిగా కలిపితే నేల ఇంకా బిగుసుకుపోతుంది. డాబా మీది వాన నీటి గొట్టం పచ్చికలోకి పడుతుంటే దాన్ని ఇంకుడు గుంతకు మళ్లించండి. నా అనుభవంలో సగం నాచు ఆ ఒక్క గొట్టం వల్లే. పచ్చికకు రాత్రిపూట నీళ్లు పెట్టే అలవాటు ఉంటే తెల్లవారుజాముకు మార్చండి.

నాచుకు సున్నం చల్లమనే సలహా చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ చాలా చోట్ల నేలలు ఆమ్ల గుణం కలవి. మన నల్లరేగడి నేలలు సాధారణంగా క్షార గుణం కలవి, వాటికి సున్నం అనవసరం. అరకు వంటి కొండ ప్రాంతాల్లో పరిస్థితి వేరు కావచ్చు. దగ్గరలోని మట్టి పరీక్ష కేంద్రంలో చూపించకుండా సున్నం వేయకండి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) నీళ్లలో కలిపి చల్లితే నాచు ఒకటి రెండు రోజుల్లో నల్లబడి మాడుతుంది. అయితే నాచు ఎండి ఉన్నప్పుడు అది పనిచేయదు. తొలకరి తర్వాత, వాన తెరిపి ఇచ్చిన రోజు, పొట్లం మీది కొలత దాటకుండా చల్లాలి. బండల మీద పడితే తుప్పు మరక శాశ్వతంగా ఉండిపోతుంది. పిల్లలను, కుక్కలను ఆ రోజు అటు రానివ్వకండి. నీడ, నీరు సరిచేయకుండా అన్నభేది ఒక్కటే నమ్ముకుంటే వచ్చే ఏడు మళ్లీ అదే నాచు.

వానలు ముదిరాక గడ్డిలో ఆకుపచ్చని, జిగురు ముద్దల్లాంటివి తేలితే అది నాచు కాదు, నోస్టాక్ అనే సూక్ష్మజీవి. భాస్వరం ఎరువు ఎక్కువైన, నీరు నిలిచే చోట అది చేరుతుంది. తొక్కితే పాకుడు కంటే ఘోరంగా జారుతుంది. ఎండినప్పుడు పారతో ఎత్తేయండి, కొన్నాళ్లు ఆ ఎరువు ఆపండి.

ఇన్ని చేసినా ఒక మూల గడ్డి పట్టకపోతే ఆ మూలను నాచుకే వదిలేయవచ్చు. అది మొక్కలకు హాని చేయదు. జపాన్‌లోని క్యోటో నగరంలో ఉన్న సైహోజి ఆలయంలో సుమారు 120 రకాల నాచును తోటగా కాపాడుకుంటున్నారు. మా మామిడి కింద కాస్త ఎండ తగిలే చోట పసుపు, తమలపాకు వేశాం. గోడ పక్క నాచును అలాగే ఉంచాం, కానీ అటు నడక దారి లేకుండా కుండీలు అడ్డం పెట్టాం.

రాళ్లు, కుండీలు జరిపేటప్పుడు చేతికి తొడుగు, కాలికి మూసిన బూట్లు ఉండాలి. వాటి కింద తేళ్లు ఉంటాయి, పగటి వెలుతురులోనే జరపండి. మొదటి వాన వెలిసిన మర్నాడు ఉదయం, పెద్దవాళ్లు లేవకముందే, గోడ పట్టుకుని ఆ దారంతా ఒకసారి నెమ్మదిగా నడవండి. కాలు జారిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎండ రాగానే అక్కడ మళ్లీ బ్రష్షు పట్టాలి.