ఏడాదికి పన్నెండు స్త్రీవాద పుస్తకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి

నెలకొకటి చొప్పున ఏడాదిలో పన్నెండు స్త్రీవాద పుస్తకాలు చదవాలనుకునేవారు సిద్ధాంత గ్రంథాలతో కాకుండా, మన నేల మీది గొంతులతో మొదలుపెట్టడం మేలు. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను జనవరిలోనే చేతిలోకి తీసుకోండి, పాలకుర్తి చిట్యాల ఐలమ్మతో సహా తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ మాటల్లోనే మాట్లాడతారు కనుక, దానిని రోజుకొక కథనం చొప్పున, వీలైతే పైకి చదవాలి. బీడీలు చుడుతున్న మా అమ్మకు నేను చదివి వినిపించినప్పుడు, ఆమె చాటలోని తునికాకు పక్కన పెట్టి, ‘మల్లొక్కసారి సదువు బిడ్డా’ అన్నది. ఆ ఒక్క పుస్తకానికి రెండు నెలలు పట్టినా తొందరపడవద్దు.

తరువాత ఓల్గా నవల ‘స్వేచ్ఛ’, ఆపైన కవిత్వానికి ‘నీలిమేఘాలు’ చదవండి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ను మాత్రం జాబితా చివరకు నెట్టకండి, కులాన్ని వదిలేసి స్త్రీ బాధను చదివితే సగమే చదివినట్టని నా గట్టి నమ్మకం. కొనలేనివారు హనుమకొండలో 1904లో నెలకొన్న శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో ముందుగా అడిగి చూడవచ్చు. చదివిన ప్రతి పుస్తకం నుంచి ఒక పేరు, ఒక వాక్యం నోటుబుక్కులో రాసుకోండి.