సెయింట్ జార్జెస్‌లో దిగిన సిక్కోలు, విజినారం వాళ్లకు: మూడేళ్ల కాగితాల సంగతి

కరీబియన్ దీవి గ్రెనడా పాస్‌పోర్టు చేతికొస్తే అమెరికా ఈ-2 వీసా (అక్కడ పెట్టుబడి పెట్టి వ్యాపారం నడుపుకునేవాళ్లకిచ్చేది) వచ్చేసినట్టేనని అనుకుని ఇక్కడ, గ్రెనడా రాజధానిలో దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు ఆ లెక్క సరిచేసుకోండి. ఈ-2 వీసాకు కావాల్సిన ఒప్పందం మన దేశానికి అమెరికాతో లేదు. గ్రెనడాకు ఉంది, 1989 నుంచి అమల్లో ఉంది. పలాస జీడిపప్పు వ్యాపారులు, టెక్కలి గ్రానైట్ వాళ్లు, రాజాం, విజయనగరం వర్తకులు ఈ చిన్న దీవి పేరు తెలుసుకున్నది అందుకే. కానీ 2022 డిసెంబర్ 23న అమెరికాలో సంతకమైన చట్టంతో లెక్క మారిపోయింది. డబ్బు పెట్టి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ దేశంలో ఎడతెగకుండా కనీసం 3 ఏళ్లు స్థిర నివాసం ఉన్నాకే ఈ-2కు దరఖాస్తు పెట్టాలి. టర్కీలో 4 లక్షల డాలర్ల ఇల్లు కొని పౌరుడైనవారికీ ఇదే నియమం. మూడేళ్లు ఇక్కడ ఉండమని గ్రెనడా ప్రభుత్వం అడగదు, అడిగేది అమెరికా. ఏజెంట్లు మొదటి మాట గట్టిగా చెప్తారు, రెండో మాట మింగేస్తారు.

ఈ పౌరసత్వం కోసం 2,35,000 డాలర్లు ప్రభుత్వ నిధికి కట్టారా, 2,70,000 డాలర్ల వాటాతో రిసార్టులో చేరారా అన్నది ఇప్పుడు పక్కన పెట్టండి. ఆ డబ్బు వెళ్లిపోయింది. ఇక మీరు సంపాదించాల్సింది మూడేళ్ల రుజువు.

మూడేళ్లు లెక్క మొదలయ్యేది పాస్‌పోర్టు మీద తేదీ నుంచి కాదు, ఇక్కడ నిజంగా కాపురం పెట్టిన రోజు నుంచి. స్థిర నివాసం అంటే చిరునామా ఒక్కటే కాదు. మీ ఇల్లు ఇదేనని, ఇక్కడే ఉండే ఉద్దేశంతో ఉన్నారని కనిపించాలి. ఆ ఉద్దేశాన్ని మీ నోటి మాట చూసి ఎవరూ నమ్మరు, కాగితం చూసి నమ్ముతారు.

గ్రాండ్ ఆన్స్ వైపు మెడికల్ స్టూడెంట్ల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. ఫర్నిచర్‌తో సహా ఇస్తారు, కరెంటు, నీళ్లు అద్దెలోనే కలిపేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు అది హాయిగా ఉంటుంది. కానీ కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరు మీద వస్తుంది, నీటి బిల్లూ అంతే. ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఏముంటుంది? అద్దె రసీదులు నాలుగు, అవి కూడా వాట్సాప్‌లో. అందుకే మొదటి నెలలోనే యజమానితో మాట్లాడి గ్రెన్‌లెక్ కరెంటు కనెక్షన్, నవాసా నీటి కనెక్షన్ మీ పేరు మీదకు మార్పించుకోండి. డిపాజిట్ కట్టమంటారు, కట్టండి. ఆయన ఒప్పుకోకపోతే ఇల్లు మారండి, నెలకు వంద డాలర్లు ఎక్కువైనా సరే. అద్దె ఒప్పందం కనీసం 12 నెలలకు రాయించుకోండి, రెండు పక్షాల సంతకాలతో. అద్దె నగదు ఇవ్వొద్దు, బ్యాంకు నుంచి పంపండి. రోజులవారీ అద్దె గదుల్లో ఆరు నెలలు గడిపినవాళ్లకు ఆ ఆరు నెలలు కాపురం కింద చూపించుకోవడం కష్టం.

బ్యాంకు ఖాతా తెరవడానికి వారాలు పడుతుంది, దానికి విసుక్కోకండి. మన ఊరి బ్యాంకు నుంచి లెటర్‌హెడ్ మీద రిఫరెన్స్ లెటర్, గత ఆరు నెలల స్టేట్‌మెంట్, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాలు ముందే తెచ్చుకుంటే పని తొందరగా అవుతుంది. ఖాతా తెరిచాక దాన్ని వాడండి. కూరగాయలు, పెట్రోలు, మందులు కార్డుతో కొనండి. ప్రతి నెలా సెయింట్ జార్జెస్ దుకాణాల పేర్లు వరసగా ఉన్న స్టేట్‌మెంట్ కన్నా మంచి సాక్షి దొరకడు. పన్ను శాఖలో నంబర్ తీసుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోండి, ఇక్కడా ఎడమ వైపే నడపడం కాబట్టి చెయ్యి అలవాటు మార్చుకునే పని లేదు. పిల్లలుంటే బడి ఫీజు రసీదులు, రిపోర్ట్ కార్డులు దాచండి. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా రసీదు అడిగి తీసుకోండి.

ఈ కాగితాలన్నిటి మీదా పేరు ఒకేలా ఉండాలి. మన జిల్లాల పేర్లతో వచ్చే చిక్కు ఇది. అప్పలనాయుడు అనే పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకే ముక్కగా, పాన్ కార్డులో రెండు ముక్కలుగా, పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించి ఉంటుంది. గ్రెనడా పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. గ్రెన్‌లెక్ గుమాస్తా మీ పేరులో మొదటి సగమే రాసుకుంటాడు. కౌంటర్ దగ్గర నిలబడే మొదటి బిల్లు చదవండి. గ్రెనడా పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. మూడేళ్ల బిల్లులు తప్పు పేరుతో పోగయ్యాక ఆ మనిషి మీరేనని అఫిడవిట్లు పెట్టుకుంటూ తిరగాలి.

నెలకో కవరు పెట్టండి. అందులో కరెంటు బిల్లు, నీటి బిల్లు, అద్దె బదిలీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ నెలలో ప్రయాణం చేస్తే బోర్డింగ్ పాసులు. 36 కవర్లు కావాలి. స్కాన్ చేసి దీవి బయట ఇంకో చోట కూడా ఉంచండి. ఇక్కడ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం. 2024 జులై 1న బెరిల్ హరికేన్ పక్కనున్న కారియకూ దీవిని తుడిచిపెట్టింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానాన్ని ఏం చేసిందో చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి పై అరలో ఉంచండి.

ఊరి ప్రయాణాలు. పైడితల్లి సిరిమానుకు వెళ్లి సంక్రాంతి దాకా ఉండిపోతే రెండున్నర, మూడు నెలలు అయిపోతుంది. అలా ఏటా చేస్తే మీ అసలు ఇల్లు విజయనగరమే అని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు మూడు వారాలు వెళ్లి రావడం వేరు, అక్కడ నెలలు గడపడం వేరు. ఇంకో లెక్క కూడా ఉంది. భారత్‌లో మీ ఆదాయం 15 లక్షలు దాటితే, ఆర్థిక సంవత్సరంలో 120 రోజులు అక్కడ గడిపినా పన్ను విషయంలో మీరు రెసిడెంట్ అయ్యే ప్రమాదం ఉంది. అంతకంటే తక్కువ ఆదాయముంటే 182 రోజులు. మీరే రెసిడెంట్‌నని భారత్‌లో రిటర్న్ వేసి, అమెరికా కాన్సులర్ అధికారికి గ్రెనడాలో కాపురమని చెప్తే రెండు కాగితాలు ఒకదానితో ఒకటి తగువు పడతాయి. ఏడాదికి 60 రోజులు దాటనివ్వకుండా చూసుకోండి. చట్టం చెప్పిన అంకె కాదిది, నిశ్చింత కోసం చెప్తున్నది.

ఏ పాస్‌పోర్టుతో వెళ్తారు? ఇది జోకుగా తీసుకునేవాళ్లను చూస్తే కోపమొస్తుంది. పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9 ప్రకారం మీ ఇష్టంతో వేరే దేశ పౌరుడైన రోజే భారత పౌరసత్వం పోయింది. ఎవరూ నోటీసు పంపరు. పాత పాస్‌పోర్టులో గడువు ఇంకా ఆరేళ్లు ఉన్నా దాంతో విశాఖలోనో, హైదరాబాద్‌లోనో దిగడం నేరం. గ్రెనడా వ్యవహారాలు చూసేది ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ భారత హైకమిషన్. అక్కడ పాస్‌పోర్టు సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోండి, ఆ వెంటనే ఓసీఐకి (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) దరఖాస్తు పెట్టండి, ఫీజు 275 డాలర్లు. సరెండర్ సర్టిఫికెట్ లేకుండా ఓసీఐ కదలదు. ఓటరు జాబితాలో పేరు తీయించుకోండి. బ్యాంకుల్లో, డీమ్యాట్‌లో వివరాలు మార్పించండి.

డబ్బు విషయానికి వస్తే, మొదట పంపిన సొమ్ము మీద బ్యాంకు టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుని ఉంటుంది. 10 లక్షల పైన 20 శాతం. రెండు కోట్ల మీద అది 38 లక్షలు. ఆ సొమ్ము మీదే. ఆ ఏడాది రిటర్న్‌లో చూపి పన్నులో సర్దుబాటు చేసుకోండి, మిగిలింది తిరిగి వస్తుంది. చాలామంది దేశం దాటాం కదాని ఆ రిటర్నే వేయరు.

ఎల్ఆర్ఎస్ (సొంత డబ్బు విదేశాలకు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద రెసిడెంట్ ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2,50,000 డాలర్లు. గ్రెనడా విరాళం, ఫీజులతోనే అది నిండిపోయింది. అమెరికాలో పెట్టాల్సిన పెట్టుబడి ఇంకా ఉంది. మీరిప్పుడు నాన్ రెసిడెంట్ కాబట్టి ఊళ్లో సేవింగ్స్ ఖాతాలు ఎన్ఆర్ఓగా (నాన్ రెసిడెంట్ల రూపాయి ఖాతా) మార్చాలి. ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి తెచ్చుకోవచ్చు, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసిన పన్ను సర్టిఫికెట్, మీరు వేసే డిక్లరేషన్‌తో. మీ రెండో విడత రావాల్సింది ఈ దారిలోనే.

జీడితోట అమ్మి తెద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. రిజిస్ట్రేషన్ పుస్తక విలువకు, మిగతాది చేతికి నగదు అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. స్థిరాస్తికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడమే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. నగదుగా వచ్చిన సగం ఎన్ఆర్ఓలో పడదు, అమెరికా అధికారికి చూపలేరు. సేల్ డీడ్, బ్యాంకు జమ, ఎన్ఆర్ఓ, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, అమెరికా ఖాతా. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా ఆ డబ్బు లేనట్టే. అమ్మకానికి మీరు వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి పంపండి. అది ఊరికి చేరిన 3 నెలల్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి.

వ్యాపారం సంగతి మూడో ఏడాది మొదట్లోనే తేల్చుకోండి. పలాస నుంచి అమెరికాకు జీడిపప్పు ఎగుమతి చేసుకుంటూ ఈ-1 వాణిజ్య వీసా అడగొచ్చా అని అందరూ అడుగుతారు. కుదరదు. గ్రెనడాకు అమెరికాతో ఉన్నది ఈ-2 ఒప్పందమే, ఈ-1కు ఒప్పందం లేదు. అదే మీరు న్యూజెర్సీలో గోడౌన్ అద్దెకు తీసుకుని, ప్యాకింగ్ యంత్రాలు కొని, మనుషుల్ని పెట్టుకుంటే ఈ-2కు సరిపోతుంది. పప్పు పలాసదైనా అభ్యంతరం లేదు. కంపెనీలో మీ వాటా కనీసం 50 శాతం ఉండాలి. ఇంత పెట్టాలని చట్టంలో అంకె లేదు, ఆ వ్యాపారం నడవడానికి తగినంత అని చూస్తారు. ఖాతాలో పడుకోబెట్టిన డబ్బు పెట్టుబడి కాదు. అద్దెకిచ్చే ఇల్లు కొన్నా కాదు. డబ్బు ఖర్చయి ఉండాలి, లేదా వీసా వస్తేనే విడుదలయ్యేలా ఎస్క్రోలో (మధ్యవర్తి చేతిలో ఉండే ఖాతా) ఉండాలి. మీ ఇంటిల్లిపాదికి తిండి పెట్టేంత మాత్రమే వచ్చే కొట్టు అయితే తిరస్కరిస్తారు. దరఖాస్తు డీఎస్-160, డీఎస్-156ఈ ఫారాలతో, ఇంటర్వ్యూ బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్ అమెరికా ఎంబసీలో.

లండన్‌కు ఈటీఏతో (ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి), షెంజెన్ దేశాలకు 180 రోజుల్లో 90 రోజులు, చైనాకు 30 రోజులు ఈ పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెళ్లి మీటింగులు పెట్టుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. కానీ ఆ సౌకర్యం మీద ఇల్లు కట్టుకోకండి. 2023 జులైలో బ్రిటన్ డొమినికాకు తీసేసింది, 2024 డిసెంబర్‌లో యూరప్ వనువాటుకు పూర్తిగా రద్దు చేసింది. రెండూ పౌరసత్వం అమ్మే దేశాలే.

ఇంట్లో వాడకానికి రెండు మాటలు. కరెంటు 230 వోల్టులు, మన మిక్సీ, గ్రైండర్ తిరుగుతాయి, బ్రిటన్ తరహా మూడు పలకల పిన్ను ప్లగ్ కావాలి. డాలరుకు 2.70 తూర్పు కరీబియన్ డాలర్లు, ఎప్పుడూ అంతే. కాలాలూ అనే పేరుతో అమ్మే ఆకుకూర మన చేమాకులాంటిదే, పప్పులో వేసుకోవచ్చు.

ఇంత చెప్పాక భయపడి మూట సర్దుకోకండి తమ్ముళ్లూ. ఊళ్లో భూమి పోదు. మీరు రెసిడెంట్‌గా ఉండగా కొన్నదీ, తాతల నుంచి వచ్చినదీ మీదే. కొత్తగా జీడితోట గానీ, కొబ్బరితోట గానీ కొనలేరు, ఉన్నది అమ్మితే భారత్‌లో ఉండే భారత పౌరుడికే అమ్మాలి, అంతవరకే. మీ భార్య ఇంకా గ్రెనడా పౌరురాలు కాకపోతే తొందరపెట్టకండి. ఈ-2 వీసాదారుడి భార్యకు, 21 ఏళ్లలోపు పిల్లలకు గ్రెనడా పౌరసత్వం అక్కర్లేదు, భారత పాస్‌పోర్టుతోనే వెంట రావచ్చు. ఆవిడ ఊళ్లో ఓటు వేస్తుంది, అక్కడే నివాసం ఉన్నంతకాలం పొలం కొనొచ్చు, అమెరికాలో దిగాక విడిగా పర్మిట్ లేకుండానే ఉద్యోగం చేసుకోవచ్చు.

పిల్లల వయసు మాత్రం ఈ రోజే కాగితం మీద వేసుకోండి. ఇప్పుడు 17 ఏళ్లున్న అమ్మాయికి మీ మూడేళ్లు నిండేసరికి 20 వస్తాయి, వీసా పడి విమానం ఎక్కేసరికి 21 దగ్గర పడుతుంది. ఆ అమ్మాయికి స్టూడెంట్ వీసా దారి ఇప్పటి నుంచే చూడాలి. 12 ఏళ్ల తమ్ముడికైతే వీసా వచ్చాక కూడా ఐదారేళ్లు చేతిలో ఉంటాయి.